వెయ్యేళ్ల యజ్ఞం, ఇరవై ఏళ్ల ప్రణాళిక

వేదంలో వెయ్యేళ్లు సాగే సత్రయాగం ఒకటి ఉంది. విశ్వసృజామయనం దాని పేరు. మనిషి ఆయుష్షు నూరేళ్లని చెప్పేదీ వేదమే. నూరేళ్లు బతికేవాడు వెయ్యేళ్ల క్రతువు ఎలా చేస్తాడు? చేయలేని పనిని శాస్త్రం ఎందుకు విధిస్తుంది? జైమిని మీమాంసా సూత్రాల్లో, ఆరో అధ్యాయంలో, ఈ చిక్కు మీద పెద్ద చర్చే నడిచింది. వేదంలో ఒక్క మాట కూడా వృథాగా ఉండదన్నది మీమాంసకుల పట్టు కాబట్టి దీన్ని తేల్చకుండా ముందుకు పోవడానికి వీల్లేదు.

తలా ఒక దారి చూపించారు. ఇది మనుషులకు చెప్పింది కాదు, దీర్ఘాయువులైన గంధర్వుల వంటివారికి చెప్పిందని ఒక పక్షం. రసాయనాలు సేవించి ఆయుష్షు పెంచుకోవచ్చు కదా అని ఇంకో పక్షం. రసాయనానికి అంత శక్తి ఉన్నట్టు ఎక్కడా కనబడలేదని భాష్యకారుడు శబరస్వామి దాన్ని తోసిపుచ్చాడు. కార్ష్ణాజిని అనే ఆచార్యుడు మాత్రం అందరికంటే భిన్నంగా ఆలోచించాడు. ఒక్క మనిషి వల్ల కాకపోతే ఒక వంశం చేస్తుందన్నాడు. తాత మొదలుపెడతాడు, తండ్రి కొనసాగిస్తాడు, ఆ తర్వాత ఎప్పటికో ఒక మనవడు ముగిస్తాడు.

వినడానికి ఎంతో బాగున్న ఈ మాటను మీమాంస ఒప్పుకోలేదు. ఫలం కోరినవాడే కర్మ మొత్తం చేయాలన్నది దాని నియమం. కొంత చేసి పోయినవాడికి ఫలం రాదు, మధ్యలో అందుకున్నవాడికీ రాదు. ఫలం ఎవరికీ చెందని కర్మకు కర్త ఎవరు? చివరికి ఇక్కడ సంవత్సరమంటే రోజని అర్థం చెప్పుకుని, వెయ్యేళ్లను వెయ్యి రోజులకు కుదించి గట్టెక్కారు.

నగరానికి ఆ వెసులుబాటు లేదు. ఇరవై ఏళ్ల ప్రణాళికకు ఆమోదం తెలిపిన పాలకమండలి ఏళ్లను రోజులుగా లెక్కపెట్టుకోలేదు. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీల పాలకమండళ్లకు ఐదేళ్ల గడువు పెట్టింది. మహానగరాలకు ప్రణాళికా సంఘం ఉండాలని చెప్పిందీ ఆ సవరణే. అంటే తీర్మానానికి చేతులెత్తిన కార్పొరేటర్లు దిగిపోయాక, ప్రణాళిక ముగిసేలోగా, మరో మూడు పాలకమండళ్లు వచ్చి వెళ్లాలి. కమిషనర్లు ఎంతమంది మారతారో లెక్కే లేదు. ప్రణాళికలో గీసిన రోడ్డు మీద నడిచేవాళ్లలో చాలామంది ఆ తీర్మానం నాటికి పుట్టనే ఉండరు.

కార్ష్ణాజిని ఓడిపోయిన చోటే ప్రతి నగరమూ నిలబడి ఉంది. ఒకరు మొదలుపెట్టి, ఇంకెవరో మోసి, మరెవరో అనుభవించే పని ధర్మంగా నిలుస్తుందా? చనిపోయినవాళ్ల మాట బతికున్నవాళ్లను కట్టిపడేయగలదా? ఇంకా పుట్టనివాళ్ల పేరుతో ఇప్పుడున్నవాళ్ల మీద భారం మోపడం న్యాయమేనా? ఇవి ఇంజినీర్లు తేల్చే ప్రశ్నలు కావు. తీర్మానం కాగితం మీద ఉన్నా లేకపోయినా, ప్రణాళికను ఆమోదించే ప్రతి సభలోనూ ఈ ప్రశ్నలు ఉంటాయి.

హైదరాబాద్ వీటికి సొంత అనుభవంతో కొంత జవాబు చెప్పింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పదిహేను వేలమంది దాకా చనిపోయారని చెబుతారు. అఫ్జల్ వంతెన కొట్టుకుపోయింది. నది ఒడ్డున, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి వందమందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నది ఒడ్డుకు వచ్చి, గంగమ్మకు చీరె, పసుపు కుంకుమలు సమర్పించి శాంతించమని వేడుకున్నాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథలో నిజమెంతన్నది పక్కన పెడితే, ఆయన చేసిన రెండో పనికి మాత్రం రాతపూర్వకమైన ఆధారం ఉంది. బొంబాయి ప్రభుత్వ కొలువు వదిలేసి ఉన్న ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు.

విశ్వేశ్వరయ్య 1909లో వచ్చి ముందు నది పైభాగమంతా పరిశీలించాడు. మూసీ పరీవాహక ప్రాంతంలో వందలకొద్దీ చెరువులున్నాయి. ఆ కుంభవృష్టికి వాటిలో రెండు వందలకు పైగా తెగి, ఒకదాని నీళ్లు ఇంకోదాని మీద పడి, అన్నీ కలిసి ఊరి మీదికి వచ్చాయని ఆయన తేల్చాడు. ఊళ్లో గోడలు కట్టి లాభం లేదు, వరదను ఊరికి ఎగువనే ఆపాలన్నాడు. మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు ప్రతిపాదించాడు. వాటితో పాటు నది ఒడ్డున తోటలు, మురుగు కాలువలు, ఇరుకు బస్తీల బాగుసేత అన్నీ కలిపి ఒక నగరం ఎలా ఉండాలో రాసిచ్చాడు.

పిలిపించిన నిజాం 1911లో కన్నుమూశాడు. పనులు చూడ్డానికి నగరాభివృద్ధి మండలి, అంటే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, 1912లో ఏర్పడింది. మూసీ మీది ఉస్మాన్‌సాగర్, జనం నోట్లో గండిపేట చెరువు, 1920లో పూర్తయింది. ఈసీ మీది హిమాయత్‌సాగర్ 1927లో ముగిసింది. వరద వచ్చినప్పటి నుంచి లెక్కవేస్తే పంతొమ్మిదేళ్లు. తండ్రి తలపెట్టిన పనిని ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పూర్తి చేయించాడు. కార్ష్ణాజిని చెప్పిన వంశయజ్ఞం సరిగ్గా ఇదే. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచి పోలేడన్న నానుడి పుట్టే నాటికి, ఆ పనికి మొదట పూనుకున్న రాజు లేడు.

పంతొమ్మిదేళ్లన్న అంకెకు తత్వచింతనలో ఇంకో చోటు కూడా ఉంది. 1789 సెప్టెంబరులో పారిస్ నుంచి అమెరికా నాయకుడు థామస్ జెఫర్సన్ తన మిత్రుడు జేమ్స్ మాడిసన్‌కు ఒక ఉత్తరం రాశాడు. భూమి బతికున్నవాళ్లది, దాని మీద చనిపోయినవాళ్లకు హక్కు లేదన్నది అందులోని వాదం. అప్పటి మరణాల పట్టికలు ముందేసుకుని లెక్కగట్టాడు. ఇవాళ ఇరవై ఒక్కేళ్లు నిండినవాళ్లందరిలో సగంమంది పోవడానికి పద్దెనిమిదేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. కాబట్టి ఏ చట్టమైనా, ఏ అప్పయినా పంతొమ్మిదేళ్లకు మించి నిలవకూడదు, అలా నిలబెట్టడం హక్కు కాదు, బలప్రయోగమని తేల్చాడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో మాడిసన్ దీనికి జవాబిచ్చాడు. చనిపోయినవాళ్లు చేసిపెట్టిన మేలును బతికున్నవాళ్లు అనుభవిస్తున్నప్పుడు, ఆ మేలుతో పాటు కొంత రుణం కూడా వాళ్ల మీదికి వస్తుందన్నాడు.

ఇద్దరి మాటల్లోనూ బలముంది. గండిపేట చెరువు విషయంలోనే ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు. ఆ రెండు జలాశయాలను కాపాడ్డానికి 1996 మార్చిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు జీవో ఇచ్చింది. పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు కట్టడానికి వీల్లేకుండా కట్టడి చేసింది. 1999లో, మళ్లీ 2000లో సుప్రీంకోర్టు ఈ జలాశయాలకు సంబంధించిన కేసులో ముందుజాగ్రత్త సూత్రాన్ని గట్టిగా నిలబెట్టింది. హాని జరుగుతుందని రుజువు చేయాల్సిన పని అడ్డుచెప్పేవాడిది కాదు, హాని జరగదని చూపాల్సింది కొత్తగా పని తలపెట్టినవాడేనని చెప్పింది.

ఈలోగా నగరానికి మంజీర నీళ్లతో పాటు కృష్ణా నీళ్లు వచ్చాయి, 2015 నుంచి గోదావరి నీళ్లూ వచ్చాయి. జంట జలాశయాల మీద ఆధారం తగ్గింది. 2022 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు జీవోతో ఆ ఆంక్షలను సడలించడానికి పూనుకుంది. ఆ 84 గ్రామాల రైతుల మాట చాలా కాలంగా ఒకటే. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే, గట్టుకు ఇవతల ఉన్న పాపానికి తమ పొలం ఎవరూ కొనడం లేదు. నగరం తాగే నీళ్లకు కాపలా కాసింది తాము, ఆ నీళ్లతో పెరిగిన నగరం సిరి మాత్రం ఇంకెవరిదో. చెరువులు ఉండాలనేవాళ్లది ఇంకో మాట. 2020 అక్టోబరు వానలకు నగరం మునిగినప్పుడు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాల్సి వచ్చింది. ఆ కట్టలు కట్టింది మంచినీళ్ల కోసమొక్కటే కాదు, వరదను ఆపడానికి కూడా. తాగునీటి అవసరం తీరినంత మాత్రాన 1908 తిరిగి రాదన్న భరోసా ఎవరిచ్చారు?

జెఫర్సన్ రైతుల పక్షాన ఉన్నట్టు కనబడతాడు, మాడిసన్ చెరువుల పక్షాన. ఈ ఇద్దరి మధ్య తీర్పు చెప్పడానికి మళ్లీ మీమాంస దగ్గరికి వెళ్లడం ఉపయోగం.

సత్రయాగాల్లో పదిహేడు మంది నుంచి ఇరవై నలుగురి దాకా కలిసి కూర్చుంటారు. అందరూ యజమానులే, అందరూ ఋత్విక్కులే. ఏళ్ల తరబడి సాగే సత్రంలో ఒకరు మధ్యలో చనిపోతే ఏం చేయాలి? ఇంకొకరిని తెచ్చి ఆ స్థానంలో కూర్చోబెట్టాలని జైమిని చెప్పాడు. అలా వచ్చినవాడికి యాగఫలం దక్కదు, అతను మొదట సంకల్పించినవాడు కాదు. అయినా చనిపోయిన యజమాని పాటించాల్సిన నియమాలు, ఉపవాసాలు, దీక్షలు అన్నీ అతను పాటించాలి. నియమం అతనికి, ఫలం అతనిది కాదు.

ఇవాళ్టి నగరపాలనలో తర్వాత వచ్చే పాలకమండలి పరిస్థితి అచ్చంగా ఇదే. ప్రణాళిక తమది కాదు. దానికోసం పన్నులు వేసి తిట్లు తినాల్సింది తాము. పేరు మాత్రం శంకుస్థాపన చేసినవాళ్లకు వెళ్లిపోయింది, శిలాఫలకం మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. నాలాలో పూడిక తీయించినవాడికి శిలాఫలకం ఉండదు. ముప్పై ఏళ్ల కిందట వేసిన పైపులు మార్పించిన కమిషనర్ పేరు ఆ వీధివాళ్లకు కూడా తెలియదు. ఫలం లేని చోట నియమం ఎంతకాలం నిలుస్తుంది? అందుకే కొత్త మండలి పాత ప్రణాళికను మోయడం మాని, ఇంకో కొత్త ప్రణాళికకు శంకుస్థాపన చేయాలని చూస్తుంది. ఇది ఏదో ఒక పార్టీ దోషమో, ఒక నాయకుడి గుణమో కాదు. మొదలుపెట్టినవాడికే కీర్తినంతా కట్టబెట్టే ఏర్పాటులోనే లోపముంది.

తెలుగు నేల మీద చెరువులు తవ్వించినవాళ్లు ఈ లోపాన్ని గుర్తుపట్టారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం ఇందుకు గొప్ప సాక్ష్యం. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని కూడా పేరు, ఈ చెరువు కట్టించాడు. శాసనం 1369 నాటిది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాసి ఉంది. అంతటితో ఆగలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు వరుసగా చెప్పింది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తియ్యటి నీళ్ల నది, దగ్గర్లో రాతిగని, పనితెలిసిన మనుషులు ఆ జాబితాలో కొన్ని. ఆరు దోషాలూ చెప్పింది. కట్ట నుంచి నీళ్లు ఊరడం, చవిటి నేల, చెరువు మధ్యలో మెరక, ఆయకట్టు ఎక్కువై నీళ్లు తక్కువ కావడం, నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. ఒక ప్రణాళిక తన కారణాలను, తాను తప్పిపోయే దారులను ముందే రాతి మీద చెక్కి తర్వాతివాళ్లకు ఇచ్చిన సందర్భం ఇది. ఆ రాయి చదివినవాడికి చెరువు కాపాడమన్న ఆజ్ఞతో పాటు, ఎందుకు కాపాడాలో, ఎక్కడ చూసుకోవాలో కూడా తెలుస్తుంది.

తటాకం సప్తసంతానాల్లో ఒకటి. కొడుకుతో, కావ్యంతో, గుడితో, తోటతో సమానంగా చెరువును కూడా సంతానంగా లెక్కపెట్టిన సంస్కృతి ఇది. చనిపోయిన తర్వాత కూడా మనిషి ఖాతాలో పుణ్యం జమ చేసేవి ఇవేనని నమ్మకం. ఇస్లాంలో సదకా జారియా అన్న భావన కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. బావి తవ్వించినా, దారి వేయించినా, జనం వాడుకున్నంత కాలం చేసినవాడికి పుణ్యం ప్రవహిస్తూనే ఉంటుందంటారు. అలా ధర్మకార్యానికి రాసిచ్చిన వక్ఫ్ ఆస్తిని చూసుకోవడానికి ముతవల్లీ ఉంటాడు. ఈ రెండు నమ్మకాలూ హైదరాబాద్‌లో ఒకే నది ఒడ్డున కలిసి పెరిగాయి.

అయితే స్థాపించినవాడి పుణ్యం ఒక్కటే చాలదని శాసనకర్తలకు తెలుసు. తెలుగు దానశాసనాల్లో చాలావాటి చివర కొన్ని శ్లోకాలు తప్పకుండా కనబడతాయి. ఇతరులు ఇచ్చిన దానాన్ని హరించినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడన్న శాపం అందరికీ తెలిసిందే. దాని పక్కనే ఉండే ఇంకో మాట అంతకంటే లోతైనది. దానం చేయడం గొప్పదా, పరుల దానాన్ని కాపాడటం గొప్పదా అంటే, కాపాడటమే గొప్పదని అవి చెబుతాయి. ఇచ్చినవాడికి స్వర్గమైతే, కాపాడినవాడికి అంతకు మించిన పదవి. రాజు తన కీర్తిని తానే చెక్కించుకునే రాతి మీద, తన తర్వాత వచ్చే అనామకుడికి తనకంటే ఎక్కువ పుణ్యం రాసిచ్చాడు.

మీమాంస మూసేసిన తలుపును శాసనం ఇలా తెరిచింది. సత్రంలో ప్రత్యామ్నాయంగా వచ్చినవాడికి ఫలం లేదు. శాసనంలో తర్వాత వచ్చినవాడికి ఫలం రెట్టింపు. అప్పుడు పని తాతదే కానక్కర్లేదు, అందుకున్న ప్రతివాడిదీ అవుతుంది. పుణ్యం ఒక్కటే కాదు, పొట్టకూటికీ దారి చూపించారు. రాయలసీమలో దశబంధమనే పద్ధతి ఉండేది. చెరువు కట్టినవాడికి, బాగుచేసేవాడికి ఆయకట్టు కింద కొంత భూమి మీద హక్కు ఇచ్చేవారు. కట్టకు గండి పడకుండా, పూడిక పేరుకోకుండా చూడటం వాళ్ల పూచీ. తూము తీసి మూసే నీరటికి పంటలో వాటా దక్కేది. కట్ట బాగుంటేనే వాళ్ల గాదె నిండుతుంది. ఒక తరం చేసిన నిర్ణయాన్ని ఆజ్ఞతో కాక, భాగస్వామ్యంతో తర్వాతి తరాల చేతికి అందించిన ఏర్పాటు ఇది.

ఇక పుట్టనివాళ్ల సంగతి. ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో ఒక ఇబ్బందికరమైన వాదం ముందుకు తెచ్చాడు. పెద్ద నిర్ణయాలు భవిష్యత్తులో మనుషులు ఎలా బతుకుతారన్నదాన్నే కాదు, అసలు ఎవరు పుడతారన్నదాన్ని కూడా మార్చేస్తాయన్నాడు. ఔటర్ రింగు రోడ్డు ఒక దారిన కాక ఇంకో దారిన పోయి ఉంటే ఎవరి ఉద్యోగం ఎక్కడ ఉండేదో, ఎవరు ఎవరిని పెళ్లాడేవారో, ఏ పిల్లలు పుట్టేవారో అన్నీ వేరుగా ఉండేవి. అలాంటప్పుడు చెడ్డ ప్రణాళిక వల్ల ఇబ్బందిపడే రేపటి మనిషి, వేరే ప్రణాళిక ఉంటే నేను బాగుండేవాణ్నని అనలేడు. వేరే ప్రణాళిక ఉంటే అతను పుట్టేవాడే కాదు. మరి అన్యాయం ఎవరికి జరిగినట్టు? పార్ఫిట్ కూడా దీనికి తృప్తికరమైన జవాబు దొరకలేదని ఒప్పుకున్నాడు.

పునర్జన్మను నమ్మేవాడికి ఈ ప్రశ్న ఇంకోలా కనబడుతుంది. అతని దృష్టిలో రేపు పుట్టేవాళ్లు ఇవాళ లేనివాళ్లు కారు. వాళ్లూ ఇదివరకటి జీవులే, వాళ్లలో తానూ ఒకడు కావచ్చు. ఎక్కడ పుడతాడో మాత్రం తెలియదు. కోకాపేట అంతస్తులోనో, మూసీ ఒడ్డున రేకుల గుడిసెలోనో. తాను ఎవరుగా పుడతాడో తెలియకుండా సమాజానికి నియమాలు రాయమని అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో ఒక ఊహగా అడిగాడు. కర్మసిద్ధాంతం నమ్మేవాళ్లకు అది ఊహ కాదు, ఉన్న స్థితి. ఆ నమ్మకం ఉన్నవాళ్లే మురుగునీరు వెళ్లే లోతట్టు బస్తీని ప్రణాళిక మ్యాపులో ఖాళీ చోటుగా వదిలేస్తే, వాళ్లు తమ నమ్మకానికే ఎదురు నడుస్తున్నట్టు.

నమ్మకంతో పని లేకుండానే దీన్ని ఆచరణలో పెట్టిన ఊరు ఒకటి జపాన్‌లో ఉంది. ఇవాతె ప్రాంతంలోని యహబా అనే చిన్న పట్టణం 2015లో తన దీర్ఘకాలిక ప్రణాళిక కోసం పౌరులను పిలిచింది. ఆర్థికవేత్త తత్సుయోషి సైజో ఆలోచన ప్రకారం వాళ్లను జట్లుగా విడదీశారు. కొన్ని జట్లు ఇప్పటి మనుషులుగా మాట్లాడాయి. కొన్ని జట్లు తాము 2060లో బతుకుతున్నవాళ్లమని అనుకుని మాట్లాడాయి. మొదటి జట్లు ఇప్పుడు కళ్లముందున్న కొరతల గురించే చెప్పాయి. రెండో జట్లు కష్టమైనా, ఆలస్యమైనా ముందే మొదలుపెట్టాల్సిన పనుల గురించి చెప్పాయి. అదే ఊరు, ఆ ఊరి మనుషులే. కుర్చీలో ఎవరి తరఫున కూర్చున్నారన్నదే తేడా.

పుట్టనివాళ్ల తరఫున మాట్లాడటం ఎంత అవసరమో, బతికున్నవాళ్లకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం అంత అవసరం. అమరావతిలో జరిగింది ఇదే ప్రశ్నను ఇంకో వైపు నుంచి చూపించింది. 2015లో రాజధాని ప్రాంతపు గ్రామాల రైతులు భూసమీకరణ కింద 33 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు, పదేళ్ల పాటు ఏటా కౌలు ఇస్తామని ఒప్పందం. ఆ ఏడాది అక్టోబరు 22న ఊరూరి నుంచి తెచ్చిన మట్టి, నీళ్లతో శంకుస్థాపన జరిగింది. 2019లో ప్రభుత్వం మారాక మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చింది. 2022 మార్చిలో హైకోర్టు రైతులకు ఇచ్చిన హామీ నెరవేర్చాలని తీర్పిచ్చింది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారాక పనులు తిరిగి మొదలయ్యాయి. ఏ రాజధాని మంచిదన్నది వేరే చర్చ. పొలం ఇచ్చిన మనిషికి ప్రభుత్వం అంటే మారుతూ ఉండే ముఖాలు కావు, మాట ఇచ్చిన ఒకే ఒక్క ఎదుటి మనిషి. అతను ఇచ్చింది పొలం. వెనక్కి తీసుకోలేడు. దున్నుకుని బతికే పదేళ్ల వయసు కూడా అందులో కలిసిపోయింది.

జెఫర్సన్ మాటకు హద్దు ఇక్కడ కనబడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ప్రణాళిక మార్చే హక్కు ఉంది. ఆ ప్రణాళికను నమ్మి ఇప్పటికే తిరిగిరానిది ఏదైనా ఇచ్చేసినవాళ్లు ఉంటే, వాళ్ల లెక్క తేల్చకుండా మార్చే హక్కు లేదు. మాడిసన్ మాటకూ హద్దుంది. గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఆ చెరువుకు రుణపడి ఉంటే, ఆ రుణం తీర్చాల్సింది నీళ్లు తాగిన నగరమంతా. 84 గ్రామాల రైతులు మాత్రమే ఎందుకు తీర్చాలి? ఇక్కడ శాసనాల మాటను కూడా జాగ్రత్తగా చూడాలి. దాత తన సొత్తు ఇచ్చాడు, అందుకే అది దానమైంది. ప్రణాళికలో కన్జర్వేషన్ జోన్‌గా రంగు వేసిన పొలం నగరానిది కాదు. ఎవరి పట్టా పాసుపుస్తకంలోనో ఉన్న పొలం అది. పరుల సొత్తును తన పేరున దానం చేస్తే దాన్ని ఏ శాసనమూ పుణ్యమనలేదు.

ప్రణాళికలు ఎక్కువగా రద్దుతో చావవు. సర్వే నంబరు వెంట సర్వే నంబరుగా చస్తాయి. ఒక చెరువు బఫర్ జోన్‌లోని రెండెకరాలకు భూవినియోగ మార్పిడి అడుగుతూ దరఖాస్తు వస్తుంది. ఫైలు కదులుతుంది, ఉత్తర్వు వెలువడుతుంది, మ్యాపులో చిన్న ముక్క రంగు మారుతుంది. ఆ ఒక్క ముక్క వల్ల ఏ వరదా రాదు. కొన్నేళ్లు పోయాక వెనక్కి తిరిగి చూస్తే మ్యాపు ఉంటుంది, ప్రణాళిక ఉండదు. దాన్ని చంపింది ఫలానావాళ్లని చెప్పడానికి వీలుండదు. ఫలం ఎవరికీ చెందని కర్మకు కర్త ఉండడన్న మీమాంసకుల అభ్యంతరం తిరగబడి ఇక్కడ నిజమవుతోంది. ప్రణాళిక చేసినప్పుడు కర్త ఉన్నాడు, పాడుచేసినప్పుడు లేడు.

హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ప్రస్తుత ప్రణాళిక 2013 జనవరిలో అమల్లోకి వచ్చింది, దాని గడువు 2031. ఇప్పుడు 2050ని గడువుగా పెట్టుకుని కొత్తది సిద్ధం చేసే పని నడుస్తోంది. అటు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 డిసెంబరులో స్వర్ణాంధ్ర 2047 దార్శనిక పత్రాన్ని విడుదల చేసింది. ఇలాంటి ప్రతి ముసాయిదా మీదా కొన్నాళ్లు అభ్యంతరాలు, సూచనలు స్వీకరిస్తారు. జనం సాధారణంగా తమ స్థలం మీదుగా రోడ్డు పోతోందా లేదా అన్నది చూసుకుని అర్జీ పెడతారు, అది వాళ్ల హక్కే. దానితో పాటు ఇంకొన్ని విషయాలు రాసివ్వమని అడగడానికి కూడా అదే సమయం. ఏ కారణంతో ఈ హద్దు గీశారు, ఆ కారణం ఎప్పుడు చెల్లకుండా పోతుంది, పోరుమామిళ్ల శాసనం ఆరు దోషాలు చెప్పినట్టు ఈ ప్రణాళిక ఏయే దారుల్లో చెడిపోవచ్చు అన్నవి ప్రణాళిక పుస్తకంలోనే ఉండాలి. మార్చిన ప్రతి సర్వే నంబరుకూ మార్చినవారి పేరు, చూపిన కారణం ఒకే చోట అందరికీ కనబడేలా ఉండాలి. కొత్త పనికి ఇచ్చే డబ్బుతో పాటు పాత పనిని కాపాడినందుకు కూడా పాలకమండలికి నిధి, గుర్తింపు దక్కాలి. నగరం కోసం కట్టడిలో ఉన్న గ్రామాలకు నగరం పన్నుల్లో ఏటా ఎంత వాటా వెళుతుందో అంకెల్లో రాయాలి. ఆ అంకె రాయకుండా 84 గ్రామాల మీద ఆంక్ష కొనసాగించినా, ఆ అంకె చూడకుండా ఆంక్ష ఎత్తేసినా, నష్టపోయేవాళ్ల పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. మొదటి సందర్భంలో వాళ్లు శంకర్‌పల్లి, మొయినాబాద్ రైతులు. రెండో సందర్భంలో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ దగ్గర పుట్టబోయేవాళ్లు.